అమ్మ వేలు పడలేదు, పడలేదనడానికి రుజువూ లేదు

రేషన్ షాపులో బియ్యం తీసుకుంటే మిషన్ నుంచి చీటీ వస్తుంది. పోస్టాఫీసులో పింఛన్ తీసుకుంటే లెక్కలో ఎక్కుతుంది. అదే సర్వర్ రాకనో, వేలు పడకనో ఉత్త సంచితో ఇంటికి పోయిన మనిషికి ఏ చీటీ రాదు. పొద్దున్నుంచి లైన్లో నిలబడ్డట్టు ఎక్కడా ఉండదు. నెల తిరిగేసరికి ఆ కార్డు మీద సరుకు తీసుకోలేదని మాత్రం పడుతుంది, అంటే తప్పంతా తీసుకోని మనిషిదే అన్నట్టు. 2025 జూన్ నుంచి మా అమ్మ విషయంలో తిరిగి తిరిగి నేను తెలుసుకున్నది ఇదే. మాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే మధ్యలో తెలిసిన కొన్ని సంగతులు ఇంట్లో ముసలివాళ్లున్న ఎవరికైనా అక్కరకొస్తాయి.

మాది తెలంగాణలో మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. పెళ్లయ్యాక నేను హనుమకొండలో ఉంటున్నాను, ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నాన్న పోయి చాలా ఏళ్లయింది, తమ్ముడు దుబాయిలో ఉన్నాడు, ఊళ్లో అమ్మ ఒక్కతే. చిన్నప్పటి నుంచి బీడీలు చేసిన మనిషి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు బీడీ చాట లేని వాడ వెతికినా దొరకదు, మా వాడలో కూడా ఇంటికొకరు చేసినవాళ్లే.

బీడీ చేయడం దగ్గర్నుంచి చూడనివాళ్లకు ఇది చెప్పాలి. నానబెట్టిన తునికాకును కొలత రేకు పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకులో చిటికెడు తంబాకు వేసి, రెండు చేతుల బొటనవేళ్లు చూపుడువేళ్ల మధ్య పెట్టి దొర్లిస్తారు, మూతి మడిచి నొక్కి, దారం చుడతారు. ప్రతి బీడీకీ ఆ నాలుగు వేళ్ల కొసలే ఆకు మీద రాసుకుంటాయి. రోజుకు వందల బీడీలు, అదీ ఒక ఏడాదా రెండేళ్లా, నలభై ఏళ్లకు పైమాటే. అమ్మ బొటనవేలు వెలుతురులో పెట్టి చూస్తే తోమి తోమి అరిగిన ఇత్తడి గిన్నె అడుగులా నున్నగా మెరుస్తుంది, గీతలు వేలి అంచున మాత్రం కొన్ని మిగిలాయి. ఆ వేలినే మిషన్ మీద పెట్టి, నువ్వు నువ్వేనని నిరూపించుకో అంటున్నారు.

అమ్మది ఒక్క పేరున్న కార్డు. ఇంట్లో నలుగురుంటే ఒకరి వేలు పడకపోతే ఇంకొకరు పెడతారు, ఆ అవకాశం అమ్మకు లేదు. అంతకుముందు కూడా అప్పుడప్పుడు వేలు పడేది కాదు, రెండో రోజో మూడో రోజో పోతే ఎట్లనో పడేది, బియ్యం తెచ్చుకునేది. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక అమ్మ సంబరం చూడాలి. మనిషికి 6 కిలోలు, బయట అటువంటి బియ్యం కొనాలంటే బీడీ కూలి ఎంతకని సరిపోతుంది.

అటు తర్వాత జూన్ వచ్చింది. వానాకాలం అని జూన్, జూలై, ఆగస్టు మూడు నెలల బియ్యం జూన్‌లోనే ఇచ్చేయమన్నారు. ఆలోచన మంచిదే, తప్పు పట్టడం లేదు. కానీ చేతికి ఒకేసారి ఇచ్చినా మిషన్‌లో మాత్రం ఏ నెలది ఆ నెలకు విడిగా ఎక్కించాలి, ఎక్కించినప్పుడల్లా మళ్ళీ వేలు పెట్టాలి. ఒక మనిషికి పట్టే టైం ఎన్నో రెట్లు అయింది. రాష్ట్రమంతా ఒకే నెలలో అదే పని మీద ఉంది కాబట్టి సర్వర్ కూడా నడిచీ నడవనట్టు నడిచింది. అసలు చిక్కు ఇంకోటి ఉంది. మామూలు నెలలో తప్పిపోతే పోయేది ఒక్క నెల బియ్యం. జూన్‌లో తప్పిపోతే మూడు నెలలవి పోతాయి, ఎందుకంటే జూలై, ఆగస్టుల్లో షాపు తెరిచే పనే లేదు.

"బిడ్డా, నా ఏలు పడ్తలేదంట, రేపు రమ్మన్నడు" అని ఫోన్ చేసింది అమ్మ. ఆ రేపు చాలాసార్లు అయింది. ఎండలో సంచి పట్టుకుని పోవడం, చెప్పులు లైన్లో పెట్టి గోడ నీడకు కూర్చోవడం, మధ్యాహ్నానికి తిరిగి రావడం. నెలాఖరు దగ్గర పడుతోందని నాకు టెన్షన్ పట్టుకుని సెలవు పెట్టి బయలుదేరాను.

షాపు దగ్గర నేను చూసింది వివరంగా చెప్తాను, ఎందుకంటే వేలు పడలేదు అని మనం ఒక్క మాటలో అనేదాని వెనుక చాలా ఉంది. డీలర్ కార్డు నంబర్ కొట్టాడు. గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. మిషన్ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి చెయ్యి పైకెత్తి సిగ్నల్ కోసం చూశాడు. అమ్మ పేరు వచ్చింది. వేలు పెట్టమన్నాడు. అమ్మ బొటనవేలు తలలో నూనెకు రాసుకుని, మళ్ళీ కొంగుతో తుడుచుకుని పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది, ఆగింది, ఇంగ్లీషులో ఒక లైను వచ్చింది. డీలర్ అద్దం తుడిచి మళ్ళీ పెట్టించాడు. ఈసారి ఇంకో లైను వచ్చింది, మొదటిది కాదు. నేను వంగి చదివాను. మొదటిది వేలిముద్ర రికార్డుతో కలవలేదని. రెండోది అటువైపు నుంచి జవాబే రాలేదని. డీలర్ రెండింటికీ ఒకే మాట చెప్పాడు, "పడ్తలేదు పెద్దమ్మా, రేపు రా."

ఇవి రెండూ వేర్వేరు జబ్బులు. ముద్ర కలవకపోవడం అంటే వేలు అరిగింది, లేదా వయసుతో చర్మం ఎండిపోయింది, దానికి ఇంకో వేలు పెట్టాలి, కనుపాప చూడాలి, ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా ఎక్కించుకోవాలి. జవాబు రాకపోవడం అంటే సర్వర్‌దో నెట్‌వర్క్‌దో తప్పు, దానికి మనిషి చేయగలిగింది ఏమీ లేదు. వేలిముద్ర చదివే పరికరానికి సంబంధించిన సర్వీసు ఆగిపోతే అది మూడో జబ్బు, అప్పుడు ఎవరి వేలూ పడదు. అన్నింటికీ రేపు రా అని ఒకే మందు రాస్తే, అరిగిన వేలు రేపటికి మొలుస్తుందా? పైగా అమ్మ మనసులో తప్పు తన వేలిదే అని ముద్రపడిపోయింది. ముందురోజు రాత్రి నిమ్మచెక్కతో వేళ్లు తోముకుందట, ఎవరో చెప్పారని. సర్వర్ ఆగిన రోజున కూడా ఆమె వేళ్లు తోముకుంటూనే ఉంది. నాకు కోపం వచ్చింది అక్కడే.

డీలర్ చెడ్డవాడు కాదు. అమ్మ ఎవరో వాడలో పుట్టిన పిల్లవాడికీ తెలుసు, ఆయనకు తెలియదా. "అక్కా, నేను తూకమేసి ఇద్దునే, కానీ మిషన్ల ఎక్కకుంటే స్టాక్ తక్కువ చూపెడ్తది, నా మీద కేసు రాస్తరు" అన్నాడు. అది నిజమే. కాంటా కూడా మిషన్‌తో కలిపే ఉంటుంది, మిషన్ ఒప్పుకుంటేనే తూకం. కనుపాప చూసే పరికరం ఏదని అడిగితే చెడిపోయి బాగుచేయడానికి పంపామన్నాడు. కరోనా టైంలో, 2021లో, వేలిముద్ర బదులు ఫోన్‌కు ఓటీపీ పంపి బియ్యం ఇచ్చారు కదా, అది చూడమంటే అమ్మ ఆధార్‌కు ఉన్న నంబర్ తమ్ముడిది, వాడు దుబాయి పోయేముందు వాడింది, ఎప్పుడో బందైపోయింది. అన్ని దారులూ ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోలేదు.

జూన్ 30 దాటిపోయింది. 18 కిలోలు పోయాయి. కొందరికి ఇది పెద్ద విషయం అనిపించకపోవచ్చు, మేం కొనివ్వలేమా అంటే కొనిచ్చాం. కానీ మా పక్కింటామెకు కొనిచ్చేవాళ్లు లేరు. ఆమె వేళ్లూ అవే వేళ్లు. ఆమె ఆ మూడు నెలలు ఎట్లా నెట్టుకొచ్చిందో నేను చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

హనుమకొండకు తిరిగొస్తూ మెట్‌పల్లి నుంచి కరీంనగర్ బస్సెక్కాను. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కదా, కండక్టర్ ఆధార్ కార్డు చూపించమంది. కార్డు మీద ఫోటో చూసింది, నా మొహం చూసింది, జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టింది. సున్నా రూపాయల ప్రయాణానికి కూడా కాగితం ఇస్తున్నారు. ఎక్కడ ఎక్కాను, ఎక్కడ దిగుతాను, టైం ఎంత, అన్నీ దాని మీద ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని కూర్చుని ఆలోచించాను. అమ్మ అన్ని రోజులు షాపుకు పోయింది, వేలు పెట్టింది, మిషన్ కాదంది. ఆ కాదన్నదానికి ఇట్లాంటి కాగితం ఒక్కటి వచ్చి ఉంటే, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ కారణంతో కాదందో ఉంటే, ఇవాళ నేను ఎవరి ముందుకైనా పోయి కూర్చుని అడగగలను. ఇప్పుడు ఏం పట్టుకుని పోవాలి? అమ్మ వచ్చింది సార్ అంటే, వచ్చినట్టు ఏముంది అంటారు.

అన్నారు కూడా. ముందు 1967కు ఫోన్ చేశాను, అది పౌరసరఫరాల టోల్ ఫ్రీ నంబర్. ఎత్తినామె మర్యాదగానే మాట్లాడింది, కార్డు నంబర్ చూసి, "జూన్‌లో ఈ కార్డు మీద ట్రాన్సాక్షన్ ఏమీ లేదండి, తీసుకోవడానికి రాలేదేమో" అంది. వచ్చిందమ్మా, మిషన్ తీసుకోలేదు అంటే, మాకు అట్లా ఏమీ కనిపించదండి అంది. ఆమె ముందున్న స్క్రీన్‌లో నిజంగానే కనిపించదేమో, ఆమెను అని లాభం లేదు.

అప్పుడు రూల్స్ వెతకడం మొదలుపెట్టాను. లెక్కలు చూసే ఉద్యోగం కదా, కాగితం మీద ఉన్నదేదో చూడకుండా నిద్ర పట్టదు. చూస్తే 2017 అక్టోబరు 24నే కేంద్రం నుంచి స్పష్టంగా ఉత్తర్వులు ఉన్నాయి. వేలిముద్ర కలవకపోయినా, నెట్‌వర్క్ లేకపోయినా, ఇంకే సాంకేతిక ఇబ్బంది వచ్చినా, ఇతర దారులు చూసి, ఏదీ కుదరకపోతే కార్డులు చూసి సరుకు ఇవ్వాలి, ఇచ్చినట్టు ఒక మినహాయింపుల రిజిస్టర్‌లో రాయాలి, ఉత్త చేతులతో మాత్రం పంపకూడదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆధార్ తీర్పులోనూ ధ్రువీకరణ ఫెయిలైందని అర్హులకు సాయం ఆగకూడదనే ఉంది. అంటే ఇన్నేళ్ల నుంచి దారి ఉంది. ఆ రిజిస్టర్ ఏదని తర్వాత మా డీలర్‌ను అడిగితే ఆయన నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు, ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, చెప్పలేదు. మిషన్ ఎట్లా నడపాలో ట్రైనింగ్ ఇచ్చారట, మిషన్ నడవకపోతే ఏం చేయాలో అందులో లేదట.

ఇక ఆధార్ సంగతి. సెలవు దొరికిన రోజున అమ్మను ఆటోలో కూర్చోబెట్టుకుని ఆధార్ సెంటర్‌కు పోయాం. పొద్దున టోకెన్ తీసుకుంటే సాయంత్రం అయింది, మధ్యలో అక్కడా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతోందని చాలాసేపు ఆపేశారు. చంటిపిల్లలతో వచ్చినవాళ్లు, పెళ్లయి ఇంటిపేరు మార్పించుకునే ఆడపిల్లలు, అందరం అట్లాగే కూర్చున్నాం. కానీ ఆపరేటర్ పిల్లవాడు ఓపికమంతుడు. నాలుగు వేళ్లు పెట్టించే పలక మీద అమ్మ చెయ్యి పెట్టించి, తను పై నుంచి మెల్లగా నొక్కి, ఒక్కో వేలికీ స్క్రీన్ మీద ఎంత శాతం నాణ్యత వస్తోందో చూశాడు. బొటనవేళ్లు, చూపుడువేళ్లు మరీ తక్కువ. "అవ్వా, నీ ఉంగరపు వేలు మంచిగున్నది చూడు, గిదే పెట్టు ఇగ ఎక్కడ పోయినా" అన్నాడు. బీడీ చుట్టేటప్పుడు ఉంగరపు వేలు ఆకుకు పెద్దగా తగలదు, అందుకే దాని గీతలు మిగిలాయి. ఇన్నేళ్లూ అమ్మను అందరూ బొటనవేలు పెట్టమనే అన్నారు, పది వేళ్లలో దేనితోనైనా సరిపోల్చవచ్చని ఒక్కరూ చెప్పలేదు. మనిషికి ఏ వేలు బాగా పడుతుందో చూసి చెప్పే పద్ధతి ఆధార్ మొదలైన కొత్తలోనే పెట్టారని తర్వాత చదివాను. అది కాగితాల్లో ఉంది, మా షాపు దాకా రాలేదు.

వేలిముద్రలు, కనుపాపలు, ఫోటో మళ్ళీ తీసుకున్నారు, నా ఫోన్ నంబర్ కలిపించాను. అప్పుడు 100 రూపాయలు తీసుకున్నారు, 2025 అక్టోబరు 1 నుంచి బయోమెట్రిక్ అప్‌డేట్ 125 చేశారు. అక్కడ మాత్రం రసీదు ఇచ్చారు.

నంబర్ కలిశాక నాకు ఒక పెద్ద మేలు జరిగింది, ఈ రాతంతా నిజానికి దీని కోసమే. ఆధార్ వాళ్ల సైట్‌లో ఆధార్ నంబర్, ఓటీపీ కొట్టి లోపలికి పోతే ఆథెంటికేషన్ హిస్టరీ అని ఒకటి ఉంటుంది. గడిచిన 6 నెలల్లో మన ఆధార్ మీద ఎక్కడెక్కడ, ఎప్పుడు, వేలితోనా, కంటితోనా, ఓటీపీతోనా అడిగారో, పాసైందా ఫెయిలైందా, ఫెయిలైతే ఏ కోడో, 50 ఎంట్రీల దాకా చూపిస్తుంది. అమ్మది తెరిచాను. జూన్ నెలలో వరుసగా ఉన్నాయి. తేదీ, టైం, వేలిముద్ర, ఫెయిల్, 300. ఆ 300 అంటే బయోమెట్రిక్ కలవలేదని. మళ్ళీ కింద అదే, మళ్ళీ అదే. ఒక రోజు పొద్దున తొమ్మిది దాటాక కొన్ని నిమిషాల తేడాతో వరుసపెట్టి ఉన్నాయి, అంటే ఆ లైన్లో అమ్మ తలకు వేలు రాసుకుని, తుడుచుకుని, మళ్ళీ పెట్టిన ప్రతిసారీ అక్కడ పడింది. అమ్మ రాలేదన్నవాళ్లకు చూపించడానికి నాకు మొదటిసారి ఏదో ఒకటి దొరికింది. ప్రింట్ తీసుకున్నాను.

అయితే అది కూడా సగమే. నేను పోయిన రోజున రెండోసారి జవాబు రాలేదని వచ్చింది చూడండి, దానికి అందులో ఎంట్రీ లేదు. ఆధార్ సర్వర్ దాకా పోయి కాదనిపించుకున్నవే అక్కడ రికార్డవుతాయి. దారిలోనే ఆగిపోయినవి, మన రాష్ట్ర సర్వర్ దగ్గర, సిగ్నల్ దగ్గర, మిషన్ దగ్గర చచ్చిపోయినవి, ఏవీ అక్కడికి చేరవు కదా. సర్వర్ పూర్తిగా పడిపోయిన రోజున మొత్తం ఊరు తిరిగిపోయినా ఒక్కరి పేరు మీద కూడా ఒక్క లైను ఉండదు. మిషన్‌ది ఎంత పెద్ద తప్పయితే అంత తక్కువ రుజువు మిగులుతుంది. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది. ఆ మిషన్‌లో ప్రింటర్ ఎలాగూ ఉంది, బియ్యం ఇచ్చినప్పుడు కొట్టే చీటీయే ఇవ్వలేనప్పుడూ కొట్టమనండి, ఫలానా కార్డు, ఫలానా టైం, ఫలానా కారణం అని. సర్వర్‌తో పని లేకుండా మిషన్ తన లోపలే చేయగల పని అది.

మన రాష్ట్రంలో ఇదేమీ కొత్త కాదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలప్పుడు ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. మంచిర్యాల జిల్లాలో బాగా చదివే పిల్లకు తెలుగులో సున్నా చూపించారు, పేపర్ మళ్ళీ చూస్తే 99. ఫెయిలయ్యారని ప్రాణాలు తీసుకున్న పిల్లలు ఇరవై మందికి పైనే. ఆ రోజు కూడా మార్కుల మెమోలో ఉన్నదే నిజం, పిల్ల చెప్పేది అబద్ధం అన్నట్టే మొదలైంది, రోడ్డెక్కి గొడవ చేశాకే ఫెయిలైన వాళ్లందరి పేపర్లు మళ్ళీ చూశారు. రేషన్ కార్డులదీ అంతే. కంప్యూటర్ పేర్లు పోల్చి అనర్హులని తేల్చిందని నోటీసు కూడా ఇవ్వకుండా రాష్ట్రంలో లక్షల కార్డులు తీసేశారు, హైదరాబాదులో రిక్షా తొక్కిన ఒకాయనకు కారు ఉందని తేల్చింది, అదే పోలికున్న పేరు గల ఇంకొకాయన కారు అది. దాదాపు 19 లక్షల కార్డులు ఇంటింటికీ పోయి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రతిచోటా ఒకటే వరస. తప్పు చేసేది సాఫ్ట్‌వేర్, తప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది మనిషి, రుజువు ఉండేదేమో సాఫ్ట్‌వేర్ దగ్గర.

ప్రింట్లు పట్టుకుని ఒక సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయాను, అమ్మనూ తీసుకుపోయాను. పెద్దగా ఆశ లేకుండానే పోయాను కానీ ఆ కాగితాలు చూశాక మాట్లాడే తీరే మారింది. అంతకుముందు రాలేదేమో అన్నచోట ఇప్పుడు, "ఇన్నిసార్లు వచ్చినా ఇవ్వలేదా" అని అర్జీ చూసిన సారే అడిగాడు. అమ్మ చెయ్యి చూపించమని, వేలి కొస చూసి, పక్కనున్న ఆయనను కూడా చూడమన్నాడు. కానీ జూన్ కోటా పోర్టల్‌లో క్లోజ్ అయిపోయింది, వెనక్కి పోయి తెరవడం జిల్లాలో తమ చేతుల్లో లేదన్నాడు. కనుపాప పరికరం షాపుకు తెప్పిస్తామని, డీలర్‌కు రిజిస్టర్ పెట్టమని చెప్తామని రాసుకున్నారు. సెప్టెంబరు మొదటివారంలో అమ్మ పోతే నిజంగానే పరికరం ఉంది, కానీ దానితో పనే పడలేదు, ఉంగరపు వేలు పెట్టగానే పడింది. "పడ్డది బిడ్డా, ఒక్కసారికే పడ్డది" అని ఫోన్ చేసి అరిచినంత పని చేసింది.

పింఛన్ గురించి కూడా రెండు ముక్కలు. అమ్మకు వితంతు పింఛన్ 2,016 వస్తుంది, మా ఊళ్లో పోస్టాఫీసు నుంచే ఇస్తారు. అక్కడా ఇదే వేలు, ఇదే బాధ, కాకపోతే బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్ అమ్మ వేలు పడేదాకా వదలడు, పడకపోతే పంచాయతీ సెక్రటరీని పిలిచి ఆయనతో వేలు పెట్టించి ఇచ్చిన నెలలూ ఉన్నాయి. ఇప్పుడు ఫోన్‌లో మొహం చూసి ఇచ్చే పద్ధతి వచ్చింది. కళ్లు మూసి తెరవమంటుంది, అంతే, వచ్చేస్తుంది. అమ్మకు అది బాగా నచ్చింది. కంటి ఆపరేషన్ అయి నల్లద్దాలు పెట్టుకున్న వాళ్లకూ, మంచం మీదున్న వాళ్లకూ ఎట్లా అవుతుందో మాత్రం చూడాలి. ఏ పద్ధతి తెచ్చినా అది పని చేయని వాళ్లు కొందరు ఉంటారు, వాళ్ల కోసం సెక్రటరీ వేలులాంటి రెండో దారి ఉండాలి, ఆ దారి కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి తెలిసి ఉండాలి. పోస్టులో ఆ దారి ఉంది కాబట్టే అమ్మ పింఛన్ ఒక్క నెల కూడా పోలేదు. ఊరూ మనిషీ వేలూ అన్నీ అవే, ఒకచోట బియ్యం పోయాయి, ఒకచోట డబ్బులు పోలేదు.

ఆ 18 కిలోల సంగతి నేను వదల్లేదు. 2013 ఆహార భద్రతా చట్టం 8వ సెక్షన్‌లో, ఇవ్వాల్సిన ధాన్యం ఇవ్వకపోతే దానికి బదులు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని ఉంది, దాని లెక్క ఎట్లా కట్టాలో 2015లో నిబంధనలు కూడా వచ్చాయి. అమ్మది కేంద్రం కోటాలోని కార్డే, అది ముందు చూసుకున్నాను, రాష్ట్రం ఇచ్చే కార్డులు వేరే లెక్క. చట్టం ప్రకారం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి అర్జీ పెట్టాలి, అక్కడ తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు పోవచ్చు. హిస్టరీ ప్రింట్లు జతచేసి అర్జీ పెట్టాను, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. అర్జీలో రెండే అడిగాను. ఒకటి, అమ్మకు రావాల్సిన భత్యం. రెండు, ఫెయిలైన ప్రతిసారీ మిషన్ చీటీ కొట్టాలని, అది కాకపోతే కనీసం డీలర్ తన రిజిస్టర్‌లో తేదీ, టైం, స్క్రీన్ మీద వచ్చిన మాట రాసి సంతకం పెట్టించాలని. ఇంతవరకు జవాబు రాలేదు, సమాచార హక్కు కింద ఆ అర్జీ ఏ టేబుల్ మీద ఉందని అడిగాను.

ఈలోపు ఊరికి పోయినప్పుడల్లా మా వాడ ఆడవాళ్లవి ఒక్కొక్కరివి తెరిచి చూస్తున్నాను. పక్కింటామెవి కూడా జూన్‌లో వరుసగా 300లే ఉన్నాయి, 6 నెలలు దాటితే కనిపించవని ముందే ప్రింట్ తీయించాను. చాలామందికి ఆధార్‌కు ఫోన్ నంబరే లేదు, ఉన్నా గల్ఫ్‌లో ఉన్న కొడుకుదో, ఎప్పుడో పారేసిన సిమ్‌దో. వాళ్లవి తెరవాలంటే ముందు నంబర్ కలపాలి, దానికి పట్నం పోవాలి, కూలి పోగొట్టుకుని పొద్దంతా టోకెన్ పట్టుకుని కూర్చోవాలి. అందుకే పంచాయతీ ఆఫీసులోనే ఒక రోజు ఆధార్ క్యాంపు పెట్టమని, బీడీ చేసేవాళ్లందరికీ ఏ వేలు బాగా పడుతుందో చూసి రాసివ్వమని మండల ఆఫీసులో ఇంకో అర్జీ ఇచ్చాం. దాని మీద పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. తేదీ ఇంకా చెప్పలేదు, వచ్చే సోమవారం మళ్ళీ పోతున్నాం.